6509-ఈలో సూపర్వైజర్ కార్డు మార్చడం: స్విచ్ ఆపకుండా అవుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాలేజీ నెట్‌వర్క్ కోర్‌లో సిస్కో క్యాటలిస్ట్ 6509-ఈ స్విచ్ ఉంది. 5, 6 స్లాట్లలో రెండు సూప్ 720-3బీ కార్డులు ఉన్నాయి (సూప్ అంటే సూపర్వైజర్, స్విచ్ మొత్తాన్ని నడిపే కార్డు). 5లోది యాక్టివ్‌గా నడుస్తోంది, 6లోది కొన్నాళ్లుగా పైకి రావడం లేదు. రీఫర్బిష్డ్ కార్డు ఒకటి తెప్పించారు. స్విచ్ ఆపాలా, పగలే మార్చేయొచ్చా, ఆ తర్వాత 5లో ఉన్న పాత కార్డును కూడా మార్చాలంటే ఎలా, ఇవీ మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. స్విచ్ ఆపొద్దు. స్టాండ్‌బై స్లాట్‌లో ఉన్న కార్డును, అంటే యాక్టివ్ పోతే పని అందుకోవాల్సిన రెండోదాన్ని, కరెంటు ఉండగానే తీసి, కరెంటు ఉండగానే కొత్తది పెట్టొచ్చు, ఆ చాసిస్‌ను (కార్డులు పట్టే పెట్టెను) అలాగే తయారుచేశారు. కానీ పగలు వద్దు, పరీక్షలప్పుడు అసలే వద్దు. ఇక కార్డు పెట్టగానే పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. కార్డు తీసి పెట్టడం ఈ పనిలో చిన్న భాగం. పెట్టిన కార్డు అవసరమైనప్పుడు నిజంగా బాధ్యత తీసుకుంటుందని మీ కళ్లతో చూసినప్పుడే పని అయినట్టు.

ఆపొద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2005, 2010 మధ్య ఒకే సరఫరాదారు తయారుచేసిన కొన్ని మెమరీ చిప్పుల్లో లోపం ఉందని 2014లో సిస్కోనే ప్రకటించింది. నడుస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ కనిపించదు, ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడో రీలోడ్ చేసినప్పుడో కార్డు లేవదు. ఆ జాబితాలో 6500 కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన చాసిస్‌ను "ఎందుకైనా మంచిది, ఒకసారి ఆపి మారుద్దాం" అని ఆపితే, ఒక కార్డు మార్చడానికి వెళ్లి మూడు కార్డులు వెతుక్కోవాల్సి రావచ్చు. రీలోడ్ తప్పనిసరి అయిన చోట తప్పదు, తప్పించుకోగలిగిన చోట తప్పించుకోండి.

ఇంకో మాట. 6లో ఉన్న కార్డు నిజంగా పోయిందా? ఇది తేల్చకుండానే కొత్తది కొనేవాళ్లు చాలామంది. ప్రతి సూపర్వైజర్‌కూ దాని సొంత కన్సోల్ పోర్టు ఉంటుంది, మనం ఎప్పుడూ యాక్టివ్ కార్డు కన్సోల్‌కే కేబుల్ పెట్టి ఉంచుతాం కాబట్టి రెండోది ఏం మొత్తుకుంటోందో మనకు కనబడదు. ల్యాప్‌టాప్‌ను 6లోని కార్డు కన్సోల్‌కు పెట్టి (9600 స్పీడు, 8 బిట్లు, ప్యారిటీ లేదు), యాక్టివ్ వైపు నుంచి హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ మాడ్యూల్ 6 రీసెట్ కొట్టి చూడండి. రామ్‌మాన్ (అసలు సాఫ్ట్‌వేర్ లేవకముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయి ఉంటే కార్డు బతికే ఉంది, బూట్ అవడానికి ఇమేజ్, అంటే స్విచ్ సాఫ్ట్‌వేర్ ఫైలు, దొరక్క కూర్చుంది. ఫ్లాష్ పాడవడం, బూట్ వేరియబుల్‌లో (ఏ ఫైలుతో లేవాలో చెప్పే సెట్టింగ్) ఎప్పుడో తీసేసిన ఫైలు పేరు ఉండిపోవడం, కాన్ఫిగ్ రిజిస్టర్ (ఎలా బూట్ అవ్వాలో చెప్పే సంఖ్య) తప్పుగా ఉండటం, ఈ మూడింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. అసలు ఏ అక్షరమూ రాకపోయినా, మెమరీ టెస్టు దగ్గర ప్రతిసారీ పడిపోతున్నా అప్పుడు కార్డు పోయినట్టే. బూట్ అయ్యి డయాగ్నస్టిక్స్‌లో ఫెయిల్ అవుతుంటే షో డయాగ్నస్టిక్ రిజల్ట్ మాడ్యూల్ 6 చూస్తే ఏ టెస్టు దగ్గర పోయిందో చెప్తుంది.

సరే, పోయిందనే అనుకుందాం. తెచ్చిన కార్డు మీద లేబుల్ చదవండి. 720 అని ఉంటే చాలదు. 3ఏ, 3బీ, 3బీఎక్స్ఎల్ అని మూడు రకాలున్నాయి, మీద కూర్చునే పీఎఫ్‌సీ అనే డాటర్ కార్డులో (ప్యాకెట్ ఎటు పోవాలో తేల్చేది) తేడా. 3బీలో రూటింగ్ టేబుల్‌కు 256 వేల ఎంట్రీల చోటు ఉంటే, ఎక్స్ఎల్‌లో పది లక్షలు. "ఎక్స్ఎల్ ఇంకా మంచిదే కదా సార్, అదే రేటుకి ఇస్తున్నాం" అని అమ్మేవాళ్లు అంటారు. మంచిదే, కానీ మీకు పనికిరాదు. ఎస్ఎస్ఓ మోడ్ (మొదటి కార్డు పోగానే రెండోది క్షణాల్లో అందుకునే పద్ధతి) నడవాలంటే రెండు కార్డులూ, వాటి మీది పీఎఫ్‌సీలూ ఒకే రకం అయి ఉండాలి. మెమరీ కూడా రెండింట్లో సమానంగా ఉండేలా చూసుకోండి. యాక్టివ్ కార్డు వివరాలు షో మాడ్యూల్‌లో కింది భాగంలో, సబ్-మాడ్యూల్ వరుసలో కనిపిస్తాయి.

ఎస్ఎస్ఓ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ స్విచ్‌లో రిడండెన్సీ, అంటే ఒకటి పోతే రెండోది అందుకునే ఏర్పాటు, మూడు స్థాయిల్లో ఉంటుంది. ఆర్‌పీఆర్‌లో రెండో కార్డు సగం మాత్రమే బూట్ అయి కూర్చుంటుంది, మొదటిది పోతే మిగతా సగం అప్పుడు లేచి, లైన్ కార్డులన్నిటినీ (కేబుళ్లు తగిలించే పోర్టులున్న కార్డులు) రీలోడ్ చేసి, రెండు నిమిషాలో అంతకంటే ఎక్కువో తీసుకుంటుంది. ఆర్‌పీఆర్ ప్లస్‌లో ముప్పై సెకన్లు, ఆపైన. ఎస్ఎస్ఓలో సున్నా నుంచి మూడు సెకన్లు, లైన్ కార్డులు కదలవు, పోర్టులు పడవు, మ్యాక్ టేబుల్, స్పానింగ్ ట్రీ స్థితి అన్నీ రెండో కార్డు దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంటాయి. రెండు కార్డులున్నాయి కాబట్టి మనం సేఫ్ అనుకునే చాలా కాలేజీల్లో, ఆఫీసుల్లో షో రిడండెన్సీ స్టేట్స్ కొట్టి చూస్తే పీర్ స్టేట్ దగ్గర స్టాండ్‌బై కోల్డ్ అని ఉంటుంది. అంటే ఆర్‌పీఆర్. డబ్బు రెండు కార్డులకు పెట్టారు, రక్షణ మాత్రం ఒకటింపావు కార్డుది. డిక్కీలో స్టెప్నీ ఉందని తృప్తిపడి, దాంట్లో గాలి ఉందో లేదో ఏళ్ల తరబడి చూడకపోవడం లాంటిది ఇది. మీకు కావాల్సిన మాట స్టాండ్‌బై హాట్.

పనికి రెండు రోజుల ముందే దాచుకోవాల్సినవి దాచుకోండి. రన్నింగ్ కాన్ఫిగ్ ఎలాగూ తీసుకుంటారు. దాంతో పాటు షో మాడ్యూల్, షో ఇంటర్‌ఫేస్ స్టేటస్, షో వీల్యాన్, షో సీడీపీ నైబర్స్, షో ఐపీ రూట్, షో బూట్‌వార్ అవుట్‌పుట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. రాత్రి రెండింటికి ఏదో లింకు రాలేదంటే, అది పనికి ముందు కూడా రాలేదా అని తేల్చేది ఆ ఫైలే.

వీల్యాన్ల (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కుల) గురించి విడిగా చెప్పాలి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. స్విచ్ వీటీపీ (వీల్యాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే ప్రోటోకాల్) సర్వర్ మోడ్‌లో ఉంటే వీల్యాన్ల జాబితా స్టార్టప్ కాన్ఫిగ్‌లో ఉండదు. వీల్యాన్.డ్యాట్ అనే వేరే ఫైల్లో ఉంటుంది, సూప్ 720లో అది కాన్‌స్ట్_ఎన్‌వీర్యామ్ అనే చోట కూర్చుని ఉంటుంది. రెండు కార్డులుండి, ఒకటి నడుస్తుండగా రెండోది పెడితే ఇది దానంతట అదే సింక్ అవుతుంది, మీకు సమస్య రాదు. కానీ ఖర్మ కాలి ఉన్న ఒక్క యాక్టివ్ కార్డు కూడా పోయి, కొత్త కార్డు ఖాళీగా లేచిందనుకోండి. టెక్స్ట్ ఫైల్లో దాచిన కాన్ఫిగ్ మొత్తం పేస్ట్ చేసినా వీల్యాన్లు రావు, పోర్టులన్నీ లేని వీల్యాన్‌ను చూపిస్తూ చచ్చి పడుంటాయి. అందుకే ఆ ఫైలు కూడా బయటికి కాపీ చేసి పెట్టుకోండి. ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో ఉంటే వీల్యాన్లు కాన్ఫిగ్‌లోనూ ఉంటాయి. అలాగే ఎస్ఎస్‌హెచ్ కీలు కాన్ఫిగ్ టెక్స్ట్‌లో రావు, ఖాళీ కార్డు మీద మళ్లీ పుట్టించాలి. ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 3 యూజర్లు కూడా రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనిపించరు, వాళ్ల వివరాలు రాసి పెట్టుకోకపోతే మానిటరింగ్ ఎందుకు ఆగిపోయిందో తెలియక తెల్లవార్లూ తల పట్టుకోవాలి.

తర్వాత ఇమేజ్. యాక్టివ్ కార్డు ఏ ఇమేజ్‌తో నడుస్తోందో సరిగ్గా అదే ఫైలు, పేరులో చివరి అక్షరం వరకూ అదే కావాలి. సూప్ 720 ఇమేజ్‌ల పేర్లు ఎస్72033తో మొదలవుతాయి. దాన్ని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులోకి ఎక్కించి చేతిలో ఉంచుకోండి, ఆ ఫ్లాష్‌ను ల్యాప్‌టాప్‌లో కాకుండా స్విచ్‌లోనే, యాక్టివ్ కార్డు డిస్క్0 స్లాట్‌లో పెట్టి ఫార్మాట్ చేయండి. టీఎఫ్‌టీపీతో కాపీ చేద్దామనుకుంటే ఒక చిక్కు ఉంది. పాత టీఎఫ్‌టీపీ 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది, ముక్కల లెక్క 65,535తో అయిపోతుంది, అంటే 32 ఎంబీ దగ్గర చాలా సర్వర్లు చేతులెత్తేస్తాయి. ఈ ఇమేజ్‌లు దానికంటే చాలా పెద్దవి. ఎఫ్‌టీపీ వాడండి. ఇంకో సంగతి, సూప్ 720 మొదట్లో 64 ఎంబీ బూట్‌ఫ్లాష్‌తో వచ్చేది, తర్వాతే 512 ఎంబీ, 1 జీబీ ఫ్లాష్‌లు వచ్చాయి. రీఫర్బిష్డ్ కార్డు పాత 64 ఎంబీదే అయితే మీ ఇమేజ్ అందులో పట్టదు, డిస్క్0లో కాంపాక్ట్ ఫ్లాష్ శాశ్వతంగా ఉంచి దాన్నుంచే బూట్ చేయించాలి. అప్పుడు రెండు కార్డుల్లోనూ డిస్క్0 నుంచే బూట్ అయ్యేలా పెట్టుకోండి, లేకపోతే బూట్ వరుస ఒక కార్డుకు సరిపోయి రెండోదానికి సరిపోదు.

ఇప్పుడు అందరూ మరిచిపోయేది. సూపర్వైజర్ కార్డు ముందు భాగంలో ఉండే ఎస్ఎఫ్‌పీ పోర్టులు (ఫైబర్ మాడ్యూళ్లు తగిలించేవి) స్టాండ్‌బైలో ఉన్నా పనిచేస్తాయి. రెండు సూపర్వైజర్ల అప్‌లింక్ పోర్టులూ మామూలు పోర్టుల్లాగే ట్రాఫిక్ మోస్తాయి. మీ 6వ కార్డు చచ్చే ఉంది కాబట్టి దాని మీద లింకులేవీ లేవు, సరే. కానీ 5వ కార్డు తీసే రోజున దాని పోర్టులో ఇంటర్నెట్ ఫైర్‌వాల్‌కో, హాస్టల్ బ్లాక్‌కో వెళ్లే ఫైబర్ ఉంటే, స్విచ్‌ఓవర్ ఎంత అందంగా జరిగినా ఆ లింకు పడిపోతుంది. ముందే దాన్ని లైన్ కార్డు పోర్టుకు మార్చేయండి. నన్నడిగితే సూపర్వైజర్ పోర్టుల మీద ఒంటరి లింకు ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక చేత్తో చేసే పని. యాంటీ స్టాటిక్ పట్టీ మణికట్టుకు కట్టి చాసిస్‌కు తగిలించండి, ఎండాకాలం ఏసీ గదిలో ఇది లాంఛనం కాదు. తీసే ముందు కార్డు మీద యాక్టివ్ అనే లైటు చూడండి. యాక్టివ్ కార్డుకు అది ఆకుపచ్చ, స్టాండ్‌బైకి నారింజ. 5, 6 పక్కపక్కనే ఒకదాని కింద ఒకటి ఉంటాయి, చీకట్లో రాక్ వెనక నుంచి ఎవరో "ఆఁ అదే అదే" అంటుంటే తప్పు కార్డు లాగడం చాలా తేలిక. రెండు వైపులా స్క్రూలు వదులు చేసి, రెండు లీవర్లనూ ఒకేసారి బయటికి తిప్పి, కింద చెయ్యి ఆనించి నేరుగా లాగండి. కొత్తది పెట్టేటప్పుడు పట్టాల మీద సరిగ్గా కూర్చోబెట్టి, పై కార్డుకు అంచున ఉండే మెటల్ గ్యాస్కెట్ అడ్డుపడకుండా కార్డును కొంచెం కిందికి అదిమి, ఒక మిల్లీమీటరు సందు ఉంచుతూ లోపలికి తోయండి. లీవర్లు రెండూ ఒకేసారి మూయండి.

ఇక్కడ తటపటాయించకూడదు. కార్డు పిన్నులు తగులుతున్న క్షణంలో స్విచ్ తన లోపలి బస్‌ను కాసేపు ఆపుతుంది, కార్డు పూర్తిగా కూర్చోగానే వదులుతుంది. సగం తోసి "సరిగ్గా వెళ్తోందా" అని ఆగి చూస్తూ నిలబడితే ఆ ఆపడం సాగిపోతుంది, నడుస్తున్న కార్డు కూడా ఇబ్బందిలో పడొచ్చు. ఒకే కదలికలో, బలం కాకుండా నిదానంగా, కానీ ఆగకుండా పెట్టండి. స్క్రూలు బిగించడం మరవొద్దు, లీవర్ మూసినంత మాత్రాన కార్డు నిలిచినట్టు కాదు.

కొత్త కార్డు కన్సోల్‌కు ల్యాప్‌టాప్ ముందే తగిలించి ఉంచండి. సూప్ 720లో రెండు ప్రాసెసర్లుంటాయి, ముందు స్విచ్ ప్రాసెసర్ లేచి తర్వాత రూట్ ప్రాసెసర్‌ను లేపుతుంది, మధ్యలో డయాగ్నస్టిక్స్ నడుస్తాయి. కన్సోల్ చాలాసేపు మౌనంగా ఉంటుంది. హ్యాంగ్ అయిందని టెన్షన్‌తో లాగేయకండి, పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. చివర్లో స్టాండ్‌బై కన్సోల్ డిసేబుల్డ్ అని వస్తే అది ఎర్రర్ కాదు, స్టాండ్‌బై మామూలుగా అలాగే చెప్తుంది.

ఆ తర్వాత మూడు దారుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. కార్డులో మీ ఇమేజే ఉంటే నేరుగా స్టాండ్‌బై హాట్‌కు వస్తుంది, ఇది అరుదు. కార్డులో వేరే ఇమేజ్ ఉంటే అది లేచి కోల్డ్‌లో ఆగుతుంది, ఇది మామూలు, కంగారు లేదు. యాక్టివ్ నుంచే స్లేవ్‌సూప్-బూట్‌డిస్క్‌కు (రెండో కార్డు ఫ్లాష్‌కు) మీ ఇమేజ్ కాపీ చేసి, చోటు లేకపోతే పాతది చెరిపి, బూట్ సిస్టమ్ లైను సరిగ్గా ఉందో చూసి, రైట్ మెమరీ కొట్టి, షో బూట్‌వార్‌లో రెండు కార్డులకూ ఒకే బూట్ వేరియబుల్, కాన్ఫిగ్ రిజిస్టర్ 0ఎక్స్2102 కనిపిస్తున్నాయని నిర్ధారించుకుని, మాడ్యూల్ 6ను మళ్లీ రీసెట్ చేయండి. మూడోది, ఇమేజే లేక రామ్‌మాన్‌లో ఆగడం. అప్పుడు కాంపాక్ట్ ఫ్లాష్ ఆ కార్డు డిస్క్0లో పెట్టి, రామ్‌మాన్ నుంచి చేత్తో బూట్ చేసి, పైకి వచ్చాక మిగతాదంతా పైన చెప్పినట్టే. కొత్త కార్డులో ఎవరిదో పాత కాన్ఫిగ్ ఉంటుందేమో అన్న భయం అక్కర్లేదు, స్టాండ్‌బైగా లేచిన కార్డుకు యాక్టివ్ తన కాన్ఫిగ్‌నే రుద్దుతుంది. యాక్టివ్ నడుస్తుండగానే కొత్తది పెట్టమనడానికి ఇదీ ఒక కారణం. రెండూ పెట్టి చాసిస్ ఒకేసారి ఆన్ చేస్తే కొత్తదే యాక్టివ్ అయి, పరాయి కాన్ఫిగ్‌తో మీ కాలేజీ మొత్తాన్ని లేపే ప్రమాదం ఉంది.

స్టాండ్‌బై హాట్ వచ్చాక చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లకండి. అదే రాత్రి, అనుమతి తీసుకున్న సమయంలోనే, రిడండెన్సీ ఫోర్స్-స్విచ్‌ఓవర్ కొట్టండి. ఒక ల్యాప్‌టాప్ నుంచి గేట్‌వేకి, ఇంకోదాని నుంచి బయటి అడ్రస్‌కు పింగ్ నడుస్తూ ఉండాలి. గేట్‌వే పింగ్ రెండు మూడు పోయి నిలబడితే ఎస్ఎస్ఓ పనిచేసినట్టు. బయటి పింగ్ ఎక్కువసేపు పోతే చూడాల్సింది రూటింగ్ ప్రోటోకాల్. మీరు వాడే ప్రోటోకాల్ ఓఎస్పీఎఫ్ అయి, దాని కింద ఎన్ఎస్ఎఫ్ (స్విచ్‌ఓవర్‌లోనూ ప్యాకెట్లు ఆగకుండా చూసే సదుపాయం) పెట్టకపోతే స్విచ్‌ఓవర్‌లో పక్క రూటర్లతో బంధాలు తెగి మళ్లీ కలుస్తాయి, అటువైపు పరికరానికి కూడా ఆ సదుపాయం తెలిసి ఉండాలి. ఈ పరీక్ష చేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు, నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం అనిపిస్తుంది. కానీ మీరు దగ్గరుండి, కన్సోల్ చేతిలో పట్టుకుని ఎంచుకున్న రాత్రి అది ఫెయిల్ కావడం, ఆన్‌లైన్ పరీక్ష నడుస్తున్న పగలు ఫెయిల్ కావడం ఒకటి కాదు.

స్విచ్‌ఓవర్ తర్వాత 5వ కార్డు రీలోడ్ అయి స్టాండ్‌బైగా వస్తుంది. పైన చెప్పిన మెమరీ సమస్య ఉంటే అది బయటపడేది ఇప్పుడే, అందుకే కొత్త కార్డు గట్టిగా నిలబడిందని తేలాకే ఈ పని. దాన్ని కూడా మార్చాలంటే అదే వారం వద్దు. కొత్త కార్డు మీద కొన్ని వారాలు నడవనివ్వండి, లాగ్‌లలో ఏమీ లేకపోతే అప్పుడు 5వదాన్ని ఇదే వరుసలో మార్చండి. దానికీ ముందు ఫైబర్ల సంగతి చూసుకోండి.

ఎలాగూ మారుస్తున్నాం కదా, 5లో సూప్ 2టీ (720 తర్వాతి తరం సూపర్వైజర్) పెడదామా అని కూడా అడిగారు. 720, 2టీ రెండూ ఒకే చాసిస్‌లో కలిసి ఉండవు, కాబట్టి ఒక్కోటీ మార్చుకుంటూ పోవడం కుదరదు, మొత్తం ఆపి మార్చాల్సిందే. మీది 6509-ఈ, అంటే పేరు చివర "ఈ" ఉన్న చాసిస్ కాబట్టి 2టీ ఎక్కుతుంది, కానీ పాత లైన్ కార్డుల్లో కొన్ని దానితో పనిచేయవు, డీఎఫ్‌సీ3 (లైన్ కార్డు మీద పీఎఫ్‌సీ పని చేసే డాటర్ కార్డు) ఉన్న కార్డులకు డీఎఫ్‌సీ4 కావాలి, ఇమేజ్ కూడా వేరు. 2011లో వచ్చిన దానికి ఇప్పుడు అంత డబ్బు పెట్టడం నాకు నచ్చదు. సూప్ 720కి సిస్కో సపోర్ట్ ఎప్పుడో ముగిసింది, సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. ఈ రీఫర్బిష్డ్ కార్డుతో ఏడాదో రెండేళ్లో గడిపి, ఆ లోపు క్యాటలిస్ట్ 9400 లాంటి కొత్త స్విచ్‌కు బడ్జెట్ పెట్టించండి. ఈ మార్పిడి కోసం మీరు రాసుకున్న పోర్టుల జాబితా అప్పుడూ పనికొస్తుంది.

తీసిన కార్డు అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేస్తుంటే, అది బూట్ అయ్యే స్థితిలో ఉంటే స్టార్టప్ కాన్ఫిగ్, ఫ్లాష్ రెండూ చెరిపి ఇవ్వండి. బూట్ కాకపోతే ఇవ్వకపోవడమే మంచిది, ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) మీ పాస్‌వర్డులు అలాగే ఉంటాయి. కార్డు పెట్టాక రెండుసార్లు రీసెట్ చేసినా కోల్డ్ దాటి రాకపోతే షో మాడ్యూల్, షో రిడండెన్సీ స్టేట్స్, షో బూట్‌వార్ మూడూ, కొత్త కార్డు కన్సోల్ లాగ్ మొదటి నుంచి చివరి దాకా పెట్టండి, చూసి చెప్తాను.